అమ్మకు పూసిన రాతి రంగు

గ్రానైటు అంగడికి పోయి వచ్చిన రోజు మా నాయన మధ్యాహ్నం అన్నం తినలేదు. మనసు బాగాలేదని అత్తకు ఫోన్లో చెప్పాడు కానీ, చొక్కా మీద బోండా చట్నీ మరక ఉంది. మనసు కూడా బాగాలేదు. రెండూ నిజమే. దుఃఖం, ఆకలి ఒకే బస్సులో ప్రయాణం చేస్తాయని, ఒకదానికి సీటు దొరికినా రెండోది దిగిపోదని ఆ ఏడాదిలో నాకు బాగా తెలిసింది.

ఆయన పోయింది అమ్మకు రాయి చేయించడానికి. అంగడి వాళ్ళు నల్లగా నున్నగా మెరిసే పలక చూపించి, ఫోటో ఇస్తే మిషను దాన్ని రాతి మీద చుక్కలు చుక్కలుగా పొడుస్తుందని చెప్పారట. ఫోన్లో ఉన్న ఫోటోను కంప్యూటర్లోకి ఎక్కించి, ఎట్లా వస్తుందో కూడా చూపించారట.

"ఎట్లుండాది నాయనా?" అన్నాను.

"ఆధార్ కార్డు మాదిరి ఉండాది. ఇంకాసేపు ఉంటే ఏలిముద్ర అడిగేటోళ్ళు." చెప్పులు విడుస్తూ మళ్ళీ అన్నాడు, "ఆ రాయి అద్దం మాదిరి మెరస్తాంది పాపా. దాంట్లోకి సూస్తే మీ అమ్మ కంటే నేనే ఎక్కువ కనపడతాండా."

ఈ రాయి సంగతి కొంచెం చెప్పాలి. మాది ఐరాలకు అవతల పల్లె. ఇప్పుడు అక్కడ మాకు మిగిలింది ఒక మామిడి తోట, ఆ తోట గెనిమ మీద వరసగా నిలబెట్టిన కొన్ని రాళ్ళు. గెనిమంటే గట్టు. మా ఇంట్లో పసుపు కుంకాలతో పోయిన ఆడవాళ్ళకు, సంవత్సరీకం నాడు అక్కడ ఒక రాయి నిలబెట్టి, పేరంటాలుగా పూజ చేస్తారు. ఆ వరసలో చేరడానికి అర్హత ఒక్కటే, మొగుడి కంటే ముందు పోవడం. మా అమ్మ ఆ పరీక్షకు ఎవరూ పిలవకముందే పోయి రాసి వచ్చింది. యాభై కూడా నిండలేదు. ఒక పొద్దున గుండె ఆగిపోయింది. పొయ్యి మీది పాలు మాత్రం ఆగలేదు, పొంగి వంటగట్టంతా కారాయి. అవి తుడుస్తున్నప్పుడు గానీ నాకు ఏడుపు రాలేదు. అది కూడా సగం పాలకోసమే అని చాలా రోజులు నాకు నేను చెప్పుకున్నాను.

నేను తిరుపతిలో ఒక రేకుల షెడ్డు అద్దెకు తీసుకుని మట్టి బొమ్మలు చేస్తాను. శిల్పం చదువుకున్నాను. చేసేది మాత్రం హోటళ్ళ ముందు పెట్టే పూలకుండీలు, తోటల్లో పెట్టే తాబేళ్ళు, కప్పలు. చదువుకూ కప్పలకూ సంబంధమేందని అమ్మ అడిగేది. ఆ ప్రశ్న ఇంకా పెండింగులోనే ఉంది. నాయన రేణిగుంటలో ఒక గోడౌనులో సరుకు లోడింగు చూసుకుంటాడు. ఆదివారాలు షెడ్డుకొచ్చి నా బొమ్మల్ని ఆ కళ్ళతోనే చూస్తాడు, ఏది ముందు పగులుతుందో అని.

"నువ్వు చెయ్ పాపా," అన్నాడు ఆ సాయంత్రం.

"నాకు రాయి చెక్కేది రాదు నాయనా. మట్టి పని నాది."

"మట్టితోనే చెయ్. పైన రాతి రంగు కొట్టు. నిరుడు ఆ హోటలోళ్ళకి కప్పను రాయి మాదిరి చేసిస్తివే, నేనే దాని మింద కూర్చోబోతి."

"అది కప్ప నాయనా."

"అదే చేత్తో మీ అమ్మను చెయ్."

నాయన షెడ్డు గుమ్మం దగ్గర కూర్చుని, కాలితో మట్టి గడ్డ ఒకటి అటూ ఇటూ దొర్లిస్తూ చివరికి అసలు మాట చెప్పాడు.

"పాతగా ఉండాల పాపా. ఆడ ఉండేటోళ్ళందరూ వాన్లో నాని ఎండలో ఎండి ఒగే రంగు అయిపోయినారు. వాళ్ళ నడాన మీ అమ్మ ఒగత్తే కొత్త సీర కట్టుకోని నిలబడినట్టు ఉండగూడదు. పెండ్లయి వచ్చిన్నాడే ఊరంతా దాన్ని ఎగాదిగా సూసి సంపినారు. తల ఎత్తేదానికి ఏడాది పట్టింది దానికి. ఇంకోసారి వద్దు. దావన పొయ్యేటోడు ఎవుడూ ఇదెవురని అడగగూడదు. ముందర్నించీ ఈడనే ఉన్నింది అన్నట్టు కలిసిపోవాల."

"సరే నాయనా."

"ఇంకోటి. మట్టని అక్కకి సెప్పొద్దు."

అక్క అంటే మా అత్త, నాయన కంటే పెద్దది, చిత్తూరులో ఉంటుంది. మా ఇంటి ఆచారాలకు ఆమే సుప్రీంకోర్టు, పైన అప్పీలు లేదు. ఇంటి ఆడబిడ్డగా రాయి నిలబెట్టే పూజ ఆమె చేతుల మీదే జరగాలి. అమ్మకూ ఆమెకూ బతికినంత కాలం పొసగలేదు. ఒకరి చింతపులుసు ఒకరు మెచ్చుకున్న దాఖలా లేదు. అయినా అమ్మ పోయిన రోజు అందరికంటే ముందు వచ్చింది అత్తే. వచ్చీ రాగానే పొయ్యి మీద ఆ పాలగిన్నె మాడ్చినందుకు అమ్మను తిట్టింది.

రంగు వెయ్యాలంటే ముందు అసలును చూడాలి కదా. మరుసటి ఆదివారం ఇద్దరం తోటకు పోయాము. మామిడి అప్పుడే పూతకొస్తోంది. గెనిమ మీద రాళ్ళు మోకాలెత్తున నిలబడి ఉన్నాయి. ఒక్కో రాతి మీద ఒక ఆడమనిషి, పైకెత్తిన చెయ్యి, కాళ్ళ దగ్గర దీపం. నాయన ఒక్కొక్కరినీ పరిచయం చేశాడు.

"ఈమె అరిస్తే ఐరాల దాకా ఇనపడేదంట. ఈమె బాయిలో పడిన దూడను ఒగత్తే తీసిందంట. ఈమె..." ఆగి తల గోక్కున్నాడు. "ఈమె తెలీదు. మంచిదే అయ్యుంటాది."

నేను నేల మీద కూర్చుని చూశాను. ముసలితనం అంటే ఒక్క రంగు కాదు. కింద, నూనె పోసి పోసి నల్లగా జిడ్డుగా ఉంది. పైన భుజాల మీద బూడిద రంగు. గడ్డం కింద నుంచి వాన చారలు సన్నగా దిగి ఉన్నాయి, ఏడ్చిన మొహం కడుక్కోకపోతే ఉండే చారల్లాగా. సాయంత్రం ఎండ పడే వైపు పాలిపోయి ఉంది. అక్కడక్కడ గుండ్రంగా తెల్లటి మచ్చలు, పెరుగు చుక్కలు ఎండినట్టు. మొహాలు మాత్రం ఎవరివీ లేవు. ముక్కులు అరిగి, కళ్ళు పూడి, అందరూ ఒక్కరే అయిపోయారు. చిట్టచివరిది నాయన వాళ్ళ అవ్వ. ఆమెకు మాత్రం ఇంకా పెదవి గీత కొంచెం మిగిలి ఉంది.

నాయన అడిగిన పని ఏమిటో అప్పుడు అర్థమైంది. వానలు తరతరాలుగా చేసిన పనిని నేను ఒక నెలలో చేసి పెట్టాలి. వానలకు ఆ మొహాలతో చుట్టరికం లేదు. అదొక్కటే వాటికి ఉన్న సౌకర్యం.

బొమ్మ చెయ్యడం తొందరగానే అయింది. మట్టి బొమ్మ లోపల బోలుగా ఉండాలి, గోడ బొటనవేలి మందం, గాలి పోవడానికి అడుగున ఒక బెజ్జం. లేకుంటే బట్టీలో పగిలిపోతుంది. పాత రాళ్ళలో ఆడవాళ్ళు నిటారుగా, బడి ప్రార్థనలో నిలబడినట్టు ఉన్నారు. నా చేతికి మాత్రం అమ్మ పొయ్యి ముందు నిలబడే తీరే వచ్చింది, బరువంతా ఎడమ కాలి మీద వేసి, నడుము కొంచెం వంచి. సరిదిద్దుదామని రెండుసార్లు చూశాను. అమ్మ బతికున్నప్పుడే ఆ నడుము ఎవరి మాటా వినలేదు.

ఆరిన తర్వాత బట్టీలో పెడుతుంటే నాయన పక్కనే నిలబడ్డాడు.

"దాన్ని ఇంకోసారి కాలస్తావా?" అన్నాడు.

నాకు జోకు రాలేదు. నాకు జోకు రాని సందర్భాలు తక్కువ, అందుకే ఇది గుర్తుంది. తలుపు పట్టుకుని అట్లాగే నిలబడ్డాను. ఆయనే, "సరే కానీ. ఈసారన్నా బాగా కాల్చు. ఆ దినం కట్టెలు పచ్చివి తెచ్చినారు నా కొడుకులు," అన్నాడు. నా ఈ తిక్క నోరు ఎవరి నుంచి వచ్చిందో వేరే చెప్పక్కర్లేదు.

బట్టీ నుంచి వచ్చిన అమ్మ ఎర్రమట్టికీ బెల్లానికీ నడిమి రంగులో ఉంది. బాగుంది. బాగున్న దాన్ని పాడు చెయ్యడమే ఇక పని.

రాతి రంగు వెయ్యడంలో మొదటి మెట్టు నల్ల రంగును నీళ్ళగా కలిపి పూసెయ్యడం. అది చూసి నాయన బెదిరిపోయాడు. "ఏం మే, మసి పూస్తివే!" అన్నాడు. ఆరీ ఆరకముందే తడిగుడ్డతో తుడిస్తే ఎత్తుగా ఉన్న చోట్ల రంగు పోతుంది, చీర కుచ్చిళ్ళలో, వేళ్ళ సందుల్లో మాత్రం నలుపు మిగులుతుంది. దాని మీద స్పాంజితో బూడిద రంగు అద్దాలి. ఒకటే బూడిద రంగు కాదు, మూడు నాలుగు రకాలు, లేకుంటే గోడకు వేసిన సిమెంటులా ఉంటుంది. తర్వాత పాత పళ్ళ బ్రష్షును తెల్ల రంగులో ముంచి, బొటనవేలితో వెనక్కి లాగి వదిలితే తుంపర్లు పడి రాతిలో ఉండే మెరుపు చుక్కల్లా వస్తాయి. ఆ బ్రష్షు నాయనదే. పాతదే అనుకున్నాను, కాదట. రెండు రోజులు గొడవ అయింది.

చివరగా, పైన వార్నిషు కొట్టాలి. కొడితే మెరుస్తుంది, మెరిస్తే రాయి అన్న నమ్మకం పోతుంది. అందుకని కొట్టలేదు. మొదట వేసిన చోట బకెట్టుతో నీళ్ళు పోసి చూశాను, చుక్క రంగు కూడా కదల్లేదు. వానకు ఇది చాలు అనుకున్నాను.

కాళ్ళ నుంచి మొదలుపెట్టి పైకి వచ్చాను. కుచ్చిళ్ళు ముసలివైనాయి, చేతులు ముసలివైనాయి, మెడ కింద వాన చారలు దిగాయి. ఆ చారలు నా జీవితంలో నేను చేసిన అతి మంచి పని, సన్నటి కుంచెతో ఒక్కో చారా వేసి, వేలితో అంచు చెరిపి, మళ్ళీ వేసి. మొహం మిగిలింది. ఏదో ఒక పని కల్పించుకుని దాన్ని వాయిదా వేస్తూ వచ్చాను. ఆ వారంలో షెడ్డు ఊడ్చినంత శుభ్రంగా నేను ఎప్పుడూ ఊడవలేదు.

ఆదివారం నాయన వచ్చి చూశాడు. నా చేతిలో నల్ల రంగు గిన్నె చూశాడు. "టీ తాగొస్తా," అన్నాడు. అప్పుడే తాగి వచ్చాడు, నోట్లో టీ వాసన ఇంకా ఉంది.

ఆయన పోయాక అమ్మ కళ్ళ మీద నలుపు పూశాను. తుడిచాను. ముక్కు పక్కల మిగిలింది. బూడిద రంగు అద్దాను. చెంపల మీద తెల్ల మచ్చలు వేశాను. పెదవుల గీత రంగుతోనే పూడ్చాను, దూరం నుంచి చూస్తే అరిగినట్టు కనపడేలా. చెయ్యి వణకలేదు. వణికి ఉంటే రాసుకోవడానికి బాగుండేది. నిజానికి చెయ్యి చాలా కుదురుగా పనిచేసింది, కప్పకు చేసినట్టే. అదే నాకు నచ్చలేదు.

నాయన వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు. తల అటు వంచి, ఇటు వంచి చూశాడు.

"రాయే," అన్నాడు. మెచ్చుకున్నాడు. తర్వాత ఆ వైపు తిరిగి కూర్చోలేదు.

సంవత్సరీకానికి బొమ్మను అమ్మ నూలుచీరలో చుట్టి కాణిపాకం బస్సెక్కించాము. కిటికీ పక్క సీట్లో పెట్టాము. బస్సు నిండా వినాయకుడి దగ్గరికి పోయే జనం. కండక్టరు వచ్చి, "సామి విగ్రహమా?" అన్నాడు.

"మా ఇంటామె," అన్నాడు నాయన.

కండక్టరు ఒక క్షణం నాయన మొహం చూసి, ఇంకేమీ అడక్కుండా ముందుకు పోయాడు. వెనక సీటు ముసలామె మాత్రం చెయ్యి చాపి చీరను తాకి కళ్ళకద్దుకుంది. అమ్మకు అంత మర్యాద బస్సుల్లో ఎప్పుడూ దొరకలేదు. బతికున్నప్పుడు చంద్రగిరి దాకా నిలబడే పోయేది.

తోటలో అత్త అప్పటికే వచ్చి, చివరి రాయి పక్కన గుంత తవ్వించి, పొంగలికి పొయ్యి పెట్టింది. మూట విప్పి చూసింది.

"బాగుండాది రాయి," అంది. "యాడ చెక్కించినారు?"

"తిరుపతిలోనే అత్తా." చెక్కడం తప్ప మిగతాది నిజమే.

"అయితే ఇంత మురికిగా తెస్తారా? మెడ కింద సూడు, ఎంత మడ్డి పేరుకోనుండాదో. దుకాణమోడు తుడిచేదిల్యా?"

నా జీవితంలో అతి మంచి పనిని ఆమె వేలితో చూపిస్తోంది. "అది మురికి కాదత్తా. రాయి రంగే అంత."

"నాకు రాళ్ళు తెలీవా మే? సరే, ఎట్లాగూ తలంటు పోస్తాము కదా. పోతాది." తమ్ముడి వైపు తిరిగింది. "నువ్వు అట్ల తిరుగు రా."

అప్పుడు బయటపడింది, మేమిద్దరం లెక్కలోకి తీసుకోని సంగతి. కొత్త రాయిని గుంతలో నిలబెట్టే ముందు ఆడబిడ్డ దానికి తలంటు పోయాలి. ఆడమనిషి స్నానం కాబట్టి మగవాళ్ళు చూడకూడదు. తెర ఏమీ కట్టరు. మగవాళ్ళే వీపు తిప్పి నిలబడాలి, ఆ వీపులే తెర. అవ్వ రాయి నిలబెట్టినప్పుడు నాయన చిన్నపిల్లవాడు, వాళ్ళ తాత పక్కన వీపు తిప్పి నిలబడ్డాడు. కాబట్టి ఆయనకు ఈ ఆచారం గురించి తెలిసింది నీళ్ళ చప్పుడు ఒక్కటే. నీళ్ళకు ఏమీ కాదని నేను చెప్పాను కదా, నిశ్చింతగా వచ్చాడు.

అత్త సంచిలో నుంచి నువ్వుల నూనె తీసింది. కుంకుడు రసం తీసింది. ఆ తర్వాత కొబ్బరి పీచు తీసింది. మా అత్త ఆ పీచుతో ఇత్తడి బిందెలు తోమితే చిత్తూరులో పక్క వీధి దాకా మెరుస్తాయి.

"అత్తా, మెల్లగా..."

"నాకు నేర్పిస్తావా? దానికి మొదటి తలంటు పోసిందే నేను. పెండ్లయిన మూడో దినం. కండ్లలో కుంకుడు పడిందని ఇల్లంతా ఎగిరింది."

నూనె పెట్టింది. నురగ పట్టించింది. రుద్దింది. బూడిద రంగు నురగ కిందికి కారింది.

"సూస్తివా, ఎంత మురికో!" అంది గెలిచినట్టు.

నేను చెంబుతో నీళ్ళు అందిస్తూ, నెల రోజుల పనితనం గెనిమ దిగి మామిడి పాదులోకి పోవడం చూస్తున్నాను. పళ్ళ బ్రష్షు చుక్కలు పోయాయి. వాన చారలు పోయాయి.

"అయిందా అక్కా?" అన్నాడు నాయన, వీపు నుంచే.

"తిరగొద్దు!"

ఆ మాటతో పాటే ఆమె చెయ్యి కూడా ఆగింది. అమ్మ చెంప మీద బెల్లం రంగు బయటపడింది. బొటనవేలితో రుద్ది చూసింది. ఇంకొంచెం బయటపడింది. వేలు మడిచి బొమ్మ వీపు మీద కొట్టింది. డబ్బుమని బోలుగా మోగింది. ఇంక నేను చెప్పేది ఏమీ మిగల్లేదు.

"ఒరేయ్."

"ఏమక్కా?"

"రంగు పోతాంది. ఇది రాయి కాదు."

నాయన వీపు కొయ్యబారింది. మొహంతో అబద్ధాలాడ్డం ఆయనకు వచ్చు గానీ, వీపుకు ఆ అలవాటు లేదు.

"మట్టి," అంది అత్త.

"కాల్చిన మట్టి," అన్నాను. తేడా ముఖ్యం.

"కుండ! నా మరదల్ని కుండను చేసి తెచ్చినారు తండ్రీ బిడ్డా! రేపు వాన కొడితే ఏమైతాది? వీళ్ళంతా నిలబడుంటే ఇది ఒగత్తే కరిగి గెనిమ మింద కుప్పబడితే? పిల్లోళ్ళు తొక్కి పోరా?" ఆమె గొంతులో కోపం అనుకున్నది కోపం కాదని అప్పుడు అర్థమైంది. "ఒగసారి పోయింది సాలదా?"

"కరగదత్తా. నువ్వు ఎంత నీళ్ళన్నా పొయ్యి."

"నువ్వు సెప్పు రా," అంది వీపుతో.

"కరగదంటక్కా," అంది వీపు. "పాపకు తెలుసు."

"కరగంది అయితే ఈ దొంగేసమెందుకు? మట్టయితే మట్టేనని తెచ్చేది."

నాయన ఎదురుగా ఉన్న మామిడి చెట్టుకు చెబుతున్నట్టు చెప్పాడు. "కొత్తగా కనపడగూడదని నేనే సెప్పినా. అందుర్లో కలిసిపోవాలని."

అత్త పీచు పక్కన పెట్టింది.

"కలిసిపోవాలని ముసల్దాన్ని చేస్తావా దాన్ని? దాని తల్లో ఒగ తెల్లెంటిక ఉన్నిందా? మన అవ్వను నిలబెట్టిన్నాడు నువ్వు అట్ల తిరుక్కోనుంటివి. నేను సూసినా. రాయి తెల్లగా ఉన్నింది, ఉలి గుర్తులు సేతికి గీసుకుంటాండె. వీళ్ళందురూ కొత్తగా వచ్చినోళ్ళే రా ఈడికి. ఈడనే పాతబడినారు. దానికి ఆ పొద్దు కూడా లేకుండా చేస్తివే."

పొయ్యి మీద పొంగలి అడుగంటుతున్న వాసన వచ్చింది. మా ఇంట్లో ఏ గంభీరమైన ఘట్టంలోనైనా పొయ్యి మీద ఏదో ఒకటి మాడాలి, అది నియమం. అత్త పోయి దాన్ని దించి వచ్చింది.

"నీళ్ళు పొయ్యి మే," అంది.

పోశాను. డ్రిప్పు పైపు విప్పి పట్టాను. ఆమె బొమ్మ భుజం నొక్కి చూసింది, పాదాలు నొక్కి చూసింది, గోరుతో గీకి చూసింది. ఏమీ కాలేదు. ఇంకా పొయ్యమంది. పాదులో కప్ప ఒకటి బయటికొచ్చి మమ్మల్ని చూసి మళ్ళీ లోపలికి పోయింది. ఎంత పోసినా అమ్మ అట్లాగే ఎడమ కాలి మీద బరువేసి నిలబడి ఉంది. అత్త చివరికి చేతులు దులుపుకుంది.

"మిగిలింది కూడా తీసెయ్యి. మొకం నువ్వు రుద్దు. నా చెయ్యి మోటు."

పీచు తీసుకున్నాను. నాయన టీకి పోయినప్పుడు నేను వేసినవన్నీ, ఇప్పుడు ఆయన వీపు వెనక తీస్తున్నాను. కళ్ళ మీది నలుపు, చెంపల మచ్చలు, పూడ్చిన పెదవి. వెయ్యడానికి పట్టిన దాంట్లో వందో వంతు కూడా పట్టలేదు తియ్యడానికి. ఈసారి కప్పకు చేసినట్టు లేదు.

కుచ్చిళ్ళ సందుల్లో, చెవి వెనక కొంచెం నలుపు ఎంత రుద్దినా పోలేదు. అత్త కూడా రుద్దింది. "బతికున్నప్పుడూ సెవుల ఎనక సరిగ్గా రుద్దుకొనేది కాదు," అని వదిలేసింది. ఆమె మాటల్లో అమ్మ మీద ఫిర్యాదు మళ్ళీ కనపడేసరికి, ఇక ఆమె ఒప్పుకున్నట్టే అని నాకు ధైర్యం వచ్చింది.

పసుపు పూసింది. బొట్టు పెట్టింది. ఇద్దరం ఎత్తి గుంతలో నిలబెట్టి మట్టి తొక్కాము.

"ఇంక తిరుగు," అంది.

నాయన తిరిగాడు. వరసలో అందరూ బూడిద రంగు, కొసన అమ్మ ఒక్కతే తడిసిన బెల్లం రంగులో, ముక్కూ మొహంతో. తోట అవతల రోడ్డు మీంచి చూసినా ముందు ఆమే కనపడుతుంది. ఆయన వద్దన్నది ఏదైతే ఉందో, అచ్చం అదే. నేను ఆయన మొహం చూడలేక పైపు చుట్టడం మొదలుపెట్టాను.

ఆయన అన్నది ఒకటే మాట. "నిండా నీళ్ళు పోసినారే. సలి పుడతాదేమో." భుజం మీది తువ్వాలు తీసి, వంగి అమ్మ మొహం ఒత్తాడు, మెల్లగా, బొట్టు చెరగకుండా.

ఆకుల్లో పొంగలి పెట్టుకుని కూర్చున్నాము. సగం తిన్నామో లేదో, మేకలు తోలుకుపోతున్న మనిషి ఒకడు దావలో ఆగాడు. ఆ ఊరివాడు కాదు, నాకు తెలియదు.

"ఎవురప్పా ఆమె, ఆ కొసన?"

నాయన చెయ్యి నోటి దగ్గరే ఆగింది. అత్త నా వైపు చూసింది. నేను అత్త వైపు చూశాను.

నాయన ఆకు పక్కన పెట్టి లేచాడు. చెయ్యి పంచెకు తుడుచుకుంటూ దావలోకి పోయాడు. "మా ఇంటామె అబ్బా. మా బిడ్డే చేసింది. కాల్చిన మట్టి, వానకేం గాదు." అక్కడితో ఆగుతాడనుకున్నాను. ఆగలేదు. ఆమె పుట్టింటి ఊరు నగరి దగ్గరని చెప్పాడు. పెండ్లినాడు ఆమెకు తెలుగు కంటే అరవమే ఎక్కువ వచ్చని చెప్పాడు. ఆమె నిలబడే తీరు చూడమని చెయ్యి పట్టి గెనిమ దగ్గరికి తీసుకొచ్చాడు. సాంబారు ఆమె చేసినట్టు జిల్లాలో ఎవరూ చెయ్యరన్నాడు. ఆ సాంబారు నేను ఇరవై ఏళ్ళకు పైగా తిన్నాను, అది వేరే సంగతి.

"నాతో ఒగ దినం కూడా తగువు పెట్టుకోలే," అన్నాడు నాయన.

అత్తకు పొలమారింది. నేను చెంబు అందించాను.

ఆయన చెప్పేవాటిలో సగం తప్పులు. మేము ఒక్కటీ దిద్దలేదు. మేకలు ఒకటొకటిగా పక్క చేన్లోకి దిగాయి. ఆ మనిషి అటు చూస్తాడు, నాయన మొహం చూస్తాడు, కదల్లేక నిలబడ్డాడు.

"ఒరేయ్, ఆ మనిషిని ఇడువు రా," అని అరిచింది అత్త. "మేకలు సెనక్కాయ సేన్లో పడినాయి."

"ఒగ నిమిషం అక్కా," అన్నాడు నాయన, ఆ మనిషి చెయ్యి వదలకుండా. "అసలుది ఇంకా సెప్పనే లేదు."